కాలదోషం పట్టిన అప్పుకి కోర్టు కాగితం వస్తే

ఈ మధ్య మనవాళ్ళ కలయికల్లో నన్ను కంప్యూటర్ ప్రశ్నలు అడిగేవాళ్ళు తగ్గి, అప్పుల ప్రశ్నలు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. "ఎప్పుడో ఏడెనిమిదేళ్ళ కిందటి క్రెడిట్ కార్డు బాకీకి ఇప్పుడు కోర్టు కాగితం వచ్చింది, ఏం చెయ్యాలి?" అని. నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. కాని ఒక మిత్రుడి కోసం ఒంటారియో స్మాల్ క్లెయిమ్స్ కోర్టు నిబంధనలు కూర్చుని చదవాల్సి వచ్చింది. ఆ చదివినదే ఈ రోజు చెబుతాను.

మిత్రుడు 2016లో కాంట్రాక్టు అయిపోయి, కార్డు మీద కొంత బాకీ ఉండగానే హైదరాబాదు వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి తిరిగొచ్చాడు. తను పేరైనా వినని ఒక కంపెనీ దావా వేసింది. బ్యాంకులు వసూలు కాని బాకీలని తక్కువ ధరకి అమ్మేస్తుంటాయి, కొన్నవాళ్ళు ఇలా వస్తారు. మావాడు కంగారు పడలేదు. "కాలదోషం పట్టిన అప్పు కదా, జడ్జిగారే కొట్టేస్తారు" అన్నాడు.

మనలో చాలామంది పొరపడేది సరిగ్గా ఇక్కడే. ఆ నమ్మకం గాలిలోంచి వచ్చింది కాదు. మన ఊళ్ళలో ప్రామిసరీ నోటుకి మూడేళ్ళని అందరికీ తెలుసు. గడువు దాటకుండా ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకోవడం చూస్తూ పెరిగినవాళ్ళమే. పైగా మన దేశంలో 1963 నాటి లిమిటేషన్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, గడువు దాటాక వేసిన దావాని ప్రతివాది నోరెత్తకపోయినా కోర్టే కొట్టెయ్యాలి.

ఒంటారియోలో అలా కాదు. 2004 జనవరి 1న అమల్లోకొచ్చిన ఇక్కడి చట్టం ప్రకారం మామూలు అప్పుకి గడువు రెండేళ్ళే. కార్డు బాకీ అయితే సాధారణంగా చివరిసారి కట్టి, ఆ తరవాత ఎగ్గొట్టిన దగ్గర్నించి లెక్క. కాని "గడువు దాటింది" అన్న మాట మీరు రాసి ఇవ్వాలి. మీరు అడగకపోతే కోర్టు తనంతట తాను ఆ మాట ఎత్తుకోదు.

రాసి ఇవ్వడానికి కాగితం అందిన దగ్గర్నించి ఇరవై రోజులు. మన కోర్టుల్లో కౌంటరు వెయ్యడం అంటారే, అదే ఇక్కడ డిఫెన్స్. ఫారం 9ఏ అని ఉంటుంది. అవతలివాళ్ళకి ఒక కాపీ పంపి కోర్టులో దాఖలు చెయ్యాలి, ఆన్‌లైన్లో కూడా చెయ్యొచ్చు. రుసుము ఉంది, ఆదాయం తక్కువైతే మినహాయింపు అడగొచ్చు. పురాణం రాయనక్కర్లేదు. చివరిసారి ఎప్పుడు కట్టారో తేదీ వెయ్యండి, దావా ఎప్పుడు వేశారో రాయండి, లిమిటేషన్స్ చట్టం, 2002 ప్రకారం గడువు దాటిందని స్పష్టంగా పేరు పెట్టి చెప్పండి. పాత స్టేట్‌మెంటుంటే జత చెయ్యండి. మొత్తం తప్పయితే అదీ, అప్పు తమకి బదిలీ అయినట్టు వాళ్ళు కాగితం చూపించకపోతే అదీ రాయండి.

ఒక చిన్న హెచ్చరిక. కాగితం మీ చేతికే ఇవ్వాలని లేదు. మీరు దొరక్కపోతే ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ చేతికి కవరిచ్చి, ఇంకో కాపీ పోస్టులో వేసినా అందినట్టే. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మగారో నాన్నగారో దాన్ని భద్రంగా దేవుడి అలమరలో పెట్టి మర్చిపోతే రోజులు ఆగవు. ముందే చెప్పి ఉంచండి.

ఇరవై రోజులూ ఊరుకుంటే ఏమవుతుంది? అవతలివాళ్ళు డిఫాల్ట్ జడ్జిమెంటు తెచ్చుకుంటారు, మన భాషలో ఎక్స్‌పార్టీ డిక్రీ. దాంతో రెండేళ్ళ మాట పోయినట్టే, ఎందుకంటే కోర్టు తీర్పుని అమలు చేసుకోవడానికి ఆ చట్టం ఏ గడువూ పెట్టలేదు. చచ్చిన అప్పుకి మన మౌనంతోనే ప్రాణం పోసినట్టన్నమాట. ఇక జీతంలో, కోతలు పోగా చేతికొచ్చే దాంట్లో నూటికి ఇరవై వంతుల దాకా జప్తు చేసుకోవచ్చు.

ఫోన్లో "సద్భావంగా ఓ యాభై డాలర్లు కట్టండి" అని అడుగుతారు. చెల్లు రాయించుకోవడం లాంటిదే ఇది. రెండేళ్ళు నిండకముందు కొంత కట్టినా, బాకీ ఉన్నానని సంతకం పెట్టి రాసినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఈమెయిల్‌ని కూడా సంతకం పెట్టిన ఉత్తరం కింద చూసే అవకాశం ఉంది. రెండేళ్ళు నిండాక కట్టినదానికి ఇక్కడ ఆ శక్తి లేదు. అయినా తేదీలు తేల్చుకోకుండా కట్టకండి. కోవిడ్ వల్ల 2020 మార్చి 16 నించి సెప్టెంబర్ 13 దాకా గడువులు ఆగిపోయాయి, ఆ కాలంలో నడుస్తున్న బాకీలకి ఆ ఆరు నెలలూ కలుపుకోవాలి. క్రెడిట్ రిపోర్టులో బాకీ కనిపించే ఏళ్ళు వేరు, ఈ రెండేళ్ళు వేరు. పన్నులకీ, ప్రభుత్వ విద్యార్థి రుణాలకీ నిబంధనలు వేరు.

"నిజంగా వాడుకున్న డబ్బు ఎగ్గొట్టడం ధర్మమా?" అని ఒక పెద్దాయన నన్నడిగారు. మంచి ప్రశ్నే. కట్టాలనుకుంటే కట్టండి, అదే ఫారంలో బాకీ ఒప్పుకుని వాయిదాలు అడిగే వీలుంది. అప్పుడైనా జవాబివ్వాల్సిందే.

మావాడు పదిహేడో రోజున డిఫెన్స్ వేశాడు. తరవాత ఇద్దర్నీ కూర్చోబెట్టే సెటిల్మెంట్ కాన్ఫరెన్సు ఉంటుంది. దానికి ముందే వాళ్ళు దావా వెనక్కి తీసుకున్నారు. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేను.

ఇప్పటికే తీర్పు వచ్చేసి ఉంటే, దాన్ని రద్దు చెయ్యమని మోషన్ వెయ్యొచ్చు. జవాబివ్వకపోవడానికి సరైన కారణం, వాదనలో పస, తెలిసిన వెంటనే కదలడం, ఈ మూడూ చూస్తారు. దీనికి మాత్రం లైసెన్సున్న పారాలీగల్‌ని పెట్టుకోండి, ఈ కోర్టులో వాళ్ళు వాదించొచ్చు. ఇదంతా ఒంటారియో సంగతి. ఆల్బర్టా, బ్రిటిష్ కొలంబియాల్లో కూడా రెండేళ్ళే, క్యుబెక్‌లో మూడేళ్ళు. పద్ధతులు వేరు కాబట్టి కవరు మీద ఏ ప్రావిన్సు కోర్టు పేరుందో ముందు చూసుకోండి.