సముద్రతీర లోహశోధనలో అసాధారణ సంకేతాలు: ఒక తార్కిక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మెటల్ డిటెక్టర్ వినిపించే ధ్వని లోహం పేరు చెప్పదు. ఒక విద్యుదయస్కాంత మార్పును మాత్రమే సూచిస్తుంది. సముద్రతీరంలో ఉప్పునీరు, నల్ల ఇసుక, తుప్పుపట్టిన ఇనుము ఆ సూచనను మరింత సందిగ్ధం చేస్తాయి. ఇటువంటి సంకేతాలను అర్థం చేసుకునే పద్ధతిని న్యాయశాస్త్ర పరిభాష సాయంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మెటల్ డిటెక్టర్, సంకేతం, సవ్యభిచారం, ఉపాధి, ఉప్పునీరు.

1. ప్రవేశిక
1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఆయన శరీరంలోని తూటా జాడ కనుగొనడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక విద్యుత్ సాధనాన్ని ప్రయోగించాడు. ధ్వని వినిపించింది, కానీ ఒకచోట కాదు, విశాలమైన భాగమంతటా. రోగి పడుకున్న పరుపు కింద ఉక్కుతీగల అల్లిక ఉన్నట్టు తరువాత తెలిసింది. వైద్యులు తూటా కుడివైపు ఉందని నమ్మి అక్కడే వెదికించారు. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ మరణించాక, అది ఎడమవైపు బయటపడింది. సాధనం అబద్ధం చెప్పలేదు. వ్యాఖ్యానానికి కావలసిన సందర్భమే లోపించింది.

2. సంకేతం పుట్టుక
డిటెక్టర్ తీగచుట్ట మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం లోహంలో సుడి విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది. వాటి ప్రతిస్పందనలోని కాలవిలంబనను యంత్రం ఒక అంకెగానో ధ్వనిగానో మారుస్తుంది. ఈ విలంబన లోహజాతి మీదే కాక, వస్తువు పరిమాణం, ఆకారం, మందం మీద కూడా ఆధారపడుతుంది. అందువల్లనే చిన్న బంగారు ఉంగరమూ అల్యూమినియం డబ్బా మూతచెవీ ఒకే అంకెను చూపవచ్చు.

3. తీరంలో సందిగ్ధతలు
ఉప్పునీరు విద్యుద్వాహకం. తడి ఇసుక మీద, ముఖ్యంగా అల వచ్చి వెనుదిరిగే వేళ, లోహం లేకుండానే యంత్రం మోగుతుంది. ఆ ధ్వని వెడల్పుగా, అంచులు లేకుండా ఉంటుంది. దాన్ని పూర్తిగా అణచివేసేలా యంత్రాన్ని సర్దితే సన్నని బంగారు గొలుసు సంకేతం కూడా దానితోపాటే పోతుంది. రెండింటి ప్రతిస్పందనా దాదాపు ఒకే శ్రేణిలోనిది. మాగ్నటైట్ ఉన్న నల్ల ఇసుకకు కావలసిన సర్దుబాటు వేరు. రెండూ కలిసినచోట ఒకే పౌనఃపున్యంతో పనిచేసే యంత్రం తడబడుతుంది. బహుళ పౌనఃపున్య యంత్రాలూ పల్స్ యంత్రాలూ అక్కడ మెరుగు. అయితే పల్స్ యంత్రాలకు ఇనుమును వేరుచేయడం కష్టం.

ఇనుముది మరో చిక్కు. బల్లపరుపు రేకు, సీసా మూత, రంధ్రమున్న వాషర్ వెండినాణెంలా ఉన్నతశ్రేణి ధ్వనినీయవచ్చు.

4. తార్కిక అన్వయం
సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కనిపించే హేతువును నైయాయికులు సవ్యభిచారం అన్నారు. బంగారానికి, అల్యూమినియానికి సమానమైన అంకె అటువంటి హేతువే. ఇక ‘ధ్వని ఉంది కనుక లోహం ఉంది’ అనే అనుమానంలో స్థాననియతి ఉపాధి అవుతుంది. పసిగట్టగల లోహం ఉన్నచోట అది ఉంటుంది. ధ్వని ఉన్న ప్రతిచోటా ఉండదు.

దీన్నిబట్టి పరీక్షాక్రమం ఏర్పడుతుంది. తీగచుట్టను కదపకుండా నిలిపినా కూతలు ఆగకపోతే విద్యుత్ తీగల వంటి బయటి కారణాన్ని అనుమానించాలి. తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ శోధించాలి: నాణెం దాదాపు అదే ధ్వనినిస్తుంది, మేకు ధ్వని మారుతుంది లేదా రెండుగా చీలుతుంది. చుట్టను కొద్దిగా పైకెత్తితే నేల సంకేతం సాధారణంగా త్వరగా చెదురుతుంది. తవ్వగానే ధ్వని మాయమైతే తుప్పు పొర చెదిరి ఉండవచ్చు. పొడవైన అవిచ్ఛిన్న సంకేతం గొట్టమో కేబులో కావచ్చు; యుద్ధం జరిగిన తీరాలలో పెద్ద లోతైన సంకేతం పేలని ఆయుధమూ కావచ్చు. అక్కడ తవ్వకపోవడమే వివేకం.

5. తెలుగు తీర సందర్భం
తుపానుల తరువాత ఉప్పాడ తీరంలో మత్స్యకారులు బంగారు రేణువుల కోసం ఇసుకను గాలించడం తెలిసిందే. అయితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి, పది రూపాయలకు మించి విలువచేసే నిధి దొరికితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. సంకేతం సరిగా చదివినా, దొరికిన చోటును నమోదు చేయకుండా వస్తువును పెకలిస్తే చారిత్రక సాక్ష్యం నశిస్తుంది.

6. ముగింపు
అసాధారణ సంకేతం యంత్రదోషమూ కాదు, నిధికి హామీ కూడా కాదు, అది సంశయం. దిశ మార్చి, ఎత్తు మార్చి, నేలను గమనించి సంశయాన్ని నిర్ణయం వైపు నడపడమే వ్యాఖ్యానం. గార్ఫీల్డ్ పరుపు నేర్పిన పాఠం ఇదే: ధ్వనిని వినడానికి ముందు దాని కింద ఏమి పరచి ఉందో తెలుసుకోవాలి.