నూటయాభై నకళ్ల లెక్క

బేకరీలో రొట్టెను పొంగించే ఈస్ట్, తాటికల్లు పులియడంలో ముఖ్యపాత్ర వహించే ఈస్ట్ ఒకటే: శాకరోమైసిస్ సెరెవిసియే. దాని కణంలో 16 క్రోమోజోములుంటాయి. వాటిలో పన్నెండోదాని మీద ఒకచోట ఒకే జన్యుపాఠం వరసగా సుమారు 150 సార్లు కనిపిస్తుంది. ఒక్కో నకలు దాదాపు 9,100 అక్షరాల పొడవు. అన్నీ కలిపితే ఈస్ట్ జన్యుసంపదలో పదోవంతు! ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములకు కావలసిన ఆర్ఎన్ఏ తయారీ జన్యువులు ఇందులోనే ఉన్నాయి. చురుగ్గా పెరిగే ఈస్ట్ కణం నిమిషానికి రెండువేల దాకా కొత్త రైబోజోములు కట్టుకోవాలి. ఒకటి రెండు నకళ్లతో ఆ గిరాకీ ఎక్కడ తీరుతుంది?

అయితే ఇన్ని నకళ్లు పక్కపక్కనే ఉండటంలో చిక్కుంది. డీఎన్ఏ తెగినప్పుడు కణం అచ్చం అలాంటి పాఠమే మరెక్కడుందో వెతికి, దాన్ని చూసి అతుకు వేస్తుంది. ఈ మార్పిడినే పునస్సంయోజనం అంటారు. మామూలు జన్యువుకు సరైన జోడీ ఒక్కచోటే దొరుకుతుంది. ఇక్కడ నూటయాభై ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. అతుకు నాలుగు నకళ్ల అవతల పడిందంటే ఒక కణానికి నాలుగు ఎక్కువ, ఇంకో కణానికి నాలుగు తక్కువ వస్తాయి. ఒక్కోసారి మధ్యలోని ముక్క వలయంలా చుట్టుకుని క్రోమోజోము నుంచి ఊడిపోతుంది కూడా.

ఇది ఊహ కాదని 1980లోనే తేలింది. తర్వాత నోబెల్ అందుకున్న జాక్ షోస్టాక్, రే వుతో కలిసి ఈ వరస మధ్యలో ఒక గుర్తు జన్యువును చొప్పించి, అది ఎప్పుడు మాయమవుతుందో, ఎప్పుడు రెండవుతుందో గమనించారు. అదే పద్ధతికి తర్వాత వచ్చిన రూపం ఒకటి చూడటానికి కూడా బాగుంటుంది. ఏడీఈ2 అనే జన్యువు ఉంటే ఈస్ట్ కాలనీ తెల్లగా, పోతే ఎర్రగా పెరుగుతుంది. ఆ జన్యువును ఈ నకళ్ల నడుమ పెట్టి కణాల్ని ప్లేటు మీద చల్లుతారు. ఒక్కో కణం పెరిగి గుండ్రటి కాలనీ అవుతుంది. వందల తెల్ల కాలనీల మధ్య సరిగ్గా సగం ఎరుపు, సగం తెలుపుగా ఉన్నది ఒకటి కనిపిస్తే, మొదటి విభజనలోనే గుర్తు జారిపోయిందన్నమాట. పరిశోధకులు చేసేదల్లా అలాంటివాటిని లెక్కపెట్టడమే.

గుర్తు జారిపోయే సంఘటనలు అరుదు. ఎందుకు అరుదో 1989లో గాట్లీబ్, ఎస్పొసీటో చూపించారు. సర్2 అనే ప్రోటీన్ లేని ఈస్ట్‌లో ఇవి సుమారు పదిరెట్లు పెరిగాయి. అంటే అక్కడ పగ్గం పట్టుకున్నది సర్2.

అసలు తెగడం ఎందుకు మొదలవుతుందన్నదానికి జవాబు జపాన్‌లో దొరికింది. తకెహికో కొబయాషి బృందం గుర్తించిన ఫాబ్1 అనే ప్రోటీన్ ప్రతి నకలు చివరా డీఎన్ఏను పట్టుకుని కూర్చుంటుంది. డీఎన్ఏను రెండుగా నకలుచేసే యంత్రాంగం, ఆర్ఎన్ఏను రాసే యంత్రాంగం ఎదురెదురుగా ఢీకొనకుండా మొదటిదాన్ని ఆపడం దాని పని. అలా ఆగినచోట అప్పుడప్పుడు డీఎన్ఏ తెగుతుంది. ఫాబ్1ను తీసేస్తే నకళ్ల సంఖ్య కదలకుండా నిలిచిపోతుంది; తగ్గినవి మళ్లీ పెరగవు. తెగే అవకాశాన్ని కణం పూర్తిగా ఎందుకు వదిలించుకోలేదో ఇక్కడే తెలుస్తుంది. పోయిన నకళ్లు తిరిగి రావాలంటే కోత కావాలి.

కోత పడ్డాక ఏం జరగాలో సర్2 చేతిలో ఉంది. కొత్తగా తయారైన జంట డీఎన్ఏలను కోహెసిన్ అనే ప్రోటీన్ ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కట్టి ఉంచుతుంది. అది ఉన్నంతవరకు అతుకు ఎదురుగా ఉన్న నకలుతోనే పడుతుంది, సంఖ్య మారదు. నకళ్ల నడుమ ఈ-ప్రో అనే మీట ఉంది. అది తెరుచుకుంటే అక్కడ ఆర్ఎన్ఏ రాత మొదలై కోహెసిన్ ఊడిపోతుంది, జంట డీఎన్ఏలు జరుగుతాయి. ఆ మీట తెరుచుకోకుండా నొక్కి ఉంచేది సర్2. ఈ సంగతి కొబయాషి, ఆస్టెన్ గాన్లీ 2005లో చెప్పారు.

మరి నకళ్లు తగ్గాయని కణానికి ఎలా తెలుస్తుంది? ఈ కథలో అన్నిటికన్నా చమత్కారమైన భాగం ఇదే. ఈ జన్యువుల మొదట్లో కూర్చునే ప్రోటీన్ల గుంపు ఒకటుంది, పేరు యూఏఎఫ్. 2019లో ఈడా, కొబయాషి దీన్ని కుర్చీలాటతో పోల్చారు. నకళ్లు నిండుగా ఉన్నప్పుడు యూఏఎఫ్‌కు కుర్చీలు సరిపోతాయి. నకళ్లు తగ్గితే చోటు దొరకనివి మిగిలిపోయి, వెళ్లి సర్2 జన్యువు ముందు కూర్చుని దాని ఉత్పత్తిని తగ్గిస్తాయి. సర్2 తగ్గితే మీట తెరుచుకుంటుంది, నకళ్లు పెరుగుతాయి. కుర్చీలు నిండగానే సర్2 మళ్లీ పూర్వస్థితికొస్తుంది. అంకెలు తెలియని కణం లెక్క ఇలా సరిచూసుకుంటోంది.

అతుకు వేసే చోటు మీద కూడా ఆంక్ష ఉంది. ఈ జన్యువులుండేది కణకేంద్రకంలోని న్యూక్లియోలస్ అనే భాగంలో. పునస్సంయోజనానికి కీలకమైన రాడ్52 ప్రోటీన్‌కు అక్కడ ప్రవేశం లేదు. తెగిన కొస బయటికొచ్చాకే అతుకు పని మొదలవుతుందని 2007లో బయటపడింది.

ఇంత కాపలా ఉన్నా కొన్ని వలయాలు ఊడుతూనే ఉంటాయి. కణం మొగ్గతొడిగి పిల్లకణాన్ని ఇచ్చేటప్పుడు అవి తల్లికణంలోనే పేరుకుంటాయని, వార్ధక్యానికి కారణమవుతాయని 1997లో ఎంఐటీలో డేవిడ్ సింక్లెయిర్, లెనార్డ్ గ్వారెంటీ వాదించారు. సర్2 లేని తల్లికణం త్వరగా ముసలిదవుతుంది, ఫాబ్1 లేనిది ఎక్కువ కాలం బతుకుతుంది. నేరం వలయాలదా, నకళ్ల అస్థిరతదా అన్న తగవు మాత్రం తర్వాతా సాగింది. 2011లో ఎల్చిన్ ఉనాల్, ఏంజెలికా ఏమన్ బృందం ముసలి ఈస్ట్‌ను బీజాణువులు ఏర్పరిచేలా చేస్తే, వాటినుంచి వచ్చిన కణాలు పడుచు కణాలంత కాలం బతికాయి. బీజాణువులు ఏర్పడేటప్పుడు కణం ఈ వలయాలను క్రోమోజోముల నుంచి వేరుచేసి పక్కకు నెడుతుందని, చివర్లో వాటిని కరిగించేస్తుందని ఆ తర్వాత తెలిసింది.