హీలియం సమ్మేళనాలు: సైద్ధాంతిక ఊహలలో బంధం, స్థిరత్వం

ఉత్కృష్ట వాయువుల రసాయనశాస్త్రాన్ని తరగతిలో సాధారణంగా 1962తో మొదలుపెడతాం. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి 12.07 ఎలక్ట్రాన్ వోల్టులు, జినాన్‌ది 12.13. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ మొదటిదాని నుండి ఎలక్ట్రాన్‌ను తీసుకోగలిగినప్పుడు రెండవదాని నుండి ఎందుకు తీసుకోలేదన్న నీల్ బార్ట్‌లెట్ తర్కం ఫలించింది. అయితే సైద్ధాంతిక ఊహ అంతకు చాలా ముందే ఉన్నది. 1933లోనే లైనస్ పౌలింగ్ జినాన్, క్రిప్టాన్ హెక్సాఫ్లోరైడ్‌లు ఏర్పడగలవని సూచించారు. ఆ సంవత్సరమే యోస్ట్, కే చేసిన ప్రయోగం సఫలం కాకపోవడంతో ఆ ఊహ మరుగున పడింది. అందులో సగమే నిజమైనదన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి: జినాన్ హెక్సాఫ్లోరైడ్ లభించింది, క్రిప్టాన్ విషయంలో ప్రయోగశాలకు దక్కినది డైఫ్లోరైడ్.

జినాన్‌కు పనిచేసిన తర్కం హీలియంకు పనిచేయదు. హీలియం అయనీకరణ శక్తి 24.59 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని ధ్రువణీయత జినాన్ ధ్రువణీయతలో ఇరవయ్యో వంతు మాత్రమే. ఎలక్ట్రాన్‌ను ఇవ్వదు, పొరుగు ఆవేశానికి సులభంగా వంగదు. కనుక హీలియం అణువుల గురించిన వ్యాసాలను చదివేటప్పుడు రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవలసి ఉంటుంది. ఆ వ్యవస్థ స్థిరమైనదా? అందులో హీలియం బంధాన్ని ఏర్పరచిందా? ఒకదానికి వచ్చిన జవాబును రెండవదానికి అంటగట్టడం పరిశోధన వ్యాసాలలో సైతం కనిపించే పొరపాటు.

హీలియం హైడ్రైడ్ అయాన్‌ను తీసుకుందాం. 1925లోనే ద్రవ్యరాశి వర్ణపటంలో కనిపించిన ఈ అయాన్‌ను 2019లో ఎన్‌జీసీ 7027 అనే గ్రహ నీహారికలో గుర్తించినట్లు ప్రకటించారు. ఖాళీగా ఉన్న ప్రోటాన్ ఆర్బిటాల్‌కు హీలియం తన ఎలక్ట్రాన్ జంటను పంచుతుంది; ఇది నిస్సందేహంగా సంయోజనీయ బంధమే. దాని విచ్ఛేదన శక్తి మోల్‌కు సుమారు 178 కిలోజౌళ్లు. కాని ఆ సంఖ్యే హీలియం ప్రోటాన్ ఎఫినిటీ కూడా. నీటి ప్రోటాన్ ఎఫినిటీ సుమారు 691. అంటే దగ్గరకు వచ్చిన ఏ అణువైనా, ఏ ఆనయాన్ అయినా ఆ ప్రోటాన్‌ను లాక్కుంటుంది. బంధం గట్టిదే, కాని దాని లవణాన్ని సీసాలో పోసి ఉంచలేము.

తటస్థ అణువుల కథ వేరు. 2000లో హెల్సింకీలో రాసనెన్ బృందం ఘనీభవించిన ఆర్గాన్‌లో ఆర్గాన్ ఫ్లోరోహైడ్రైడ్‌ను గుర్తించింది. వెనువెంటనే ఆర్గాన్ స్థానంలో హీలియంను ఉంచి గణనలు చేశారు. స్థితిజశక్తి తలంపై ఒక స్థానిక కనిష్ఠం దొరికింది. అయితే అది హీలియం, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ల మొత్తం శక్తికన్నా చాలా ఎత్తున ఉన్నది. కాపాడే శక్తి అవరోధం చిన్నది. హైడ్రోజన్ తేలిక గనుక టన్నెలింగ్ ద్వారా ఆ అవరోధాన్ని దాటిపోతుంది. లెక్కించిన జీవితకాలం నానోసెకండుకన్నా తక్కువ. హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియంను పెడితే అది పెరుగుతుంది. కంపన పౌనఃపున్యాలన్నీ ధనాత్మకంగా వచ్చాయని చూపి అణువు ‘స్థిరమైనది’ అని రాయడం ఎంత తొందరపాటో ఈ ఉదాహరణ చెబుతుంది.

గణన పద్ధతి ఎంపిక కూడా ఇక్కడ చిన్న విషయం కాదు. రెండు హీలియం పరమాణువుల మధ్య స్థితిజశక్తి బావి లోతు ఉష్ణోగ్రతా ప్రమాణంలో దాదాపు 11 కెల్విన్. శూన్యబిందు శక్తిని మినహాయిస్తే మిగిలేది కెల్విన్‌లో వెయ్యో వంతు స్థాయి. పరమాణువుల సగటు దూరం 50 ఆంగ్‌స్ట్రామ్‌ల పరిసరాలలో ఉంటుంది. హార్ట్రీ–ఫాక్ పద్ధతిలో ఈ ఆకర్షణ అసలు కనిపించదు. ఎలక్ట్రాన్ సహసంబంధాన్ని చేర్చినా, చిన్న ఆధార ప్రమేయ సముదాయం వాడి కౌంటర్‌పాయిజ్ సవరణను వదిలేస్తే లేని ఆకర్షణ ఉన్నట్లు కనిపించవచ్చు.

ఇక 2017లో ప్రకటించిన డైసోడియం హీలియం. స్ఫటిక నిర్మాణాలను వెదికే పరిణామాత్మక అల్గారిథమ్ దీనిని ముందుగా సూచించింది. వజ్రాల మధ్య నొక్కి, లేజర్‌తో వేడిచేసి దానిని తయారుచేశారు. సుమారు 113 గిగాపాస్కల్‌లకు పైన ఇది ఉష్ణగతికంగా స్థిరం. సోడియం పరమాణువుల ఘనాలలో సగం హీలియంతో, తక్కిన సగం ఎలక్ట్రాన్ జంటలతో నిండి ఉంటాయి. ఎలక్ట్రాన్ సాంద్రతను ఎన్ని విధాల విశ్లేషించినా హీలియం, సోడియంల మధ్య చెప్పుకోదగిన బంధం దొరకదు. హైడ్రైడ్ అయాన్‌కు ఇది తలకిందులు.

బంధం లేనప్పుడు స్థిరత్వం ఎక్కడి నుండి వచ్చింది? 2018లో మియావో, జురెక్ తదితరులు ఇచ్చిన వివరణ సులువైనది. ఒక రకం అయాన్లు రెండవ రకానికి రెట్టింపు ఉన్న స్ఫటికంలో అధిక పీడనం వద్ద సజాతి ఆవేశాలు ఒకదానికొకటి చేరువవుతాయి. హీలియం వాటి మధ్య దూరి వికర్షణను తగ్గిస్తుంది. అందుచేత మెగ్నీషియం ఫ్లోరైడ్ వంటి లవణాలలోకి హీలియం చేరగలదనీ, అయాన్ల సంఖ్య సమానంగా ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ వంటి వాటిలోకి చేరదనీ వారి గణనలు ఊహించాయి.