పెనుగాలిలో మెల్లని స్వరము: శ్రవ్య నాటికకు సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకొనుట



కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘములోని యౌవనస్థులు ఏలీయా ప్రవక్త హోరేబు కొండ మీద నిలిచిన సంగతిని శ్రవ్య నాటికగా తయారు చేయాలని పూనుకొన్నారు. అనగా కంటితో చూసేది కాదు, చెవితో వినేది. ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగిన పెద్దలకు దాని రుచి తెలుసు. చదువు రానివారు, చూపు తగ్గినవారు, పని కోసం ఊరు విడిచి వెళ్లినవారు కూడా ఫోనులో వినగలరని మా ఆశ.

శబ్దాలు కలపడానికి అంతకంటే తగిన కథ దొరకదు. గాలి వీస్తుంది, భూమి కంపిస్తుంది, అగ్ని మండుతుంది. చిట్టచివర ఒక మెల్లని స్వరము వినబడుతుంది. ఒక ఆదివారం సాయంత్రం గుడి ముందు మైకు సెట్టులో ఆ నాటికను వినిపించాము. గాలి హోరుకు హారన్లు అదిరిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతా ముగిసిన తరువాత ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను అడిగింది: “గాలి బాగా వినబడింది గాని, దేవుడు ఏమన్నాడు అయ్యగారూ?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఏ మాట కోసం నాటిక వేశామో ఆ మాటే ఎవరికీ వినబడలేదు. లోపం ఎక్కడ ఉన్నదని వెదకగా, అది శబ్దాలలో కంటె ముందు, మేము సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకున్న తీరులోనే ఉన్నదని తెలిసింది.

మేము చేసిన మొదటి తప్పు

సినిమావాళ్లు వాడేది అయితేనే పని బాగుంటుందని మా పిల్లలు అనుకున్నారు. ఒక కుర్రవాడు ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఒకటి “క్రాక్” చేసినది పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. డబ్బు కట్టకుండా తాళం పగులగొట్టిన సరుకు అది. నేను చూచియు ఊరకున్నాను. ఆ తప్పు నాది.

అందులో వందల మీటలు ఉన్నాయి. మాకు తెలిసినవి నాలుగు. తెలియనివి నొక్కి చూడడంలోనే గాలి శబ్దము అంత పెద్దదైంది. నాటిక వినిపించిన వారం రోజులకు కంప్యూటరులో వైరస్ బయటపడింది. ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు. మాకు అన్నిటికంటె ఎక్కువ బాధ కలిగించినది కథ చెప్పిన మామ్మగారి గొంతు పోవడం. ఎన్నో ఏళ్లు సండే స్కూలులో కథలు చెప్పిన తల్లి ఆమె. మరల రికార్డు చేద్దామనుకొనే లోపే ఆమె జబ్బుపడి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఒకరి ఫోనులో మిగిలిన 6 నిమిషాలే ఇప్పుడు మాకున్న ఆమె స్వరము.

గనుక ఈ పని తలపెట్టే యౌవన సహోదర సహోదరీలకు నా మొదటి మాట ఇది: దొంగ కాపీ వద్దు. ఉచితముగా, న్యాయముగా దొరికేది ఉండగా దాని అవసరమే లేదు.

మనకు నిజముగా కావలసినవి

సాఫ్ట్‌వేర్‌ను దాని పేరునుబట్టి కాక పనినిబట్టి ఎన్నుకోవాలి. నాటికకు శబ్దాలు కలపడానికి కావలసినవి నాలుగే.

మొదటిది, వేరువేరు వరుసలు. వీటినే ట్రాకులు అంటారు. మాటలు ఒక వరుసలో, గాలి ఒక వరుసలో, సంగీతము మరొక వరుసలో ఉండాలి. అప్పుడు మాటను ముట్టకుండా గాలిని మాత్రమే తగ్గించవచ్చు.

రెండవది, కావలసిన చోట శబ్దాన్ని మెల్లగా తగ్గించి మెల్లగా పెంచే సదుపాయము.

మూడవది, ఫ్యాను రొద వంటి ఎడతెగని చప్పుడును తగ్గించే సాధనము.

నాలుగవది, పూర్తయిన నాటికను వేవ్, ఎం.పి.3 రూపాలలో బయటికి తీసే వీలు.

ఏది ఎన్నుకోవాలి?

ఈ నాలుగూ ఉండి, పాత కంప్యూటరు మీద కూడా చాలావరకు నడిచేది ఆడాసిటీ. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో దీని పని మొదలైంది, 2000లో ప్రజలకు విడుదలైంది. 2021లో మ్యూస్ గ్రూప్ అనే సంస్థ చేతికి వచ్చినను నేటికీ ఉచితమే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది గాని ఫోనులో నడవదు. ఆడాసిటీ టీమ్ డాట్ ఆర్గ్ అనే దాని సొంత చోటు నుండే దింపుకోవాలి.

ఆపిల్ కంప్యూటరు ఉన్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితముగా వస్తుంది. పని పెరిగి ఇంకా లోతుగా నేర్చుకోదలచినవారికి రీపర్ ఉన్నది. దానిని 60 రోజులు పరీక్షించి చూడవచ్చు, తరువాత చిన్న వాడకందార్లకు లైసెన్సు వెల 60 డాలర్లు. అడోబీ ఆడిషన్ గొప్పదే గాని నెలనెలా చందా కట్టాలి. ఏడాదికి రెండు నాటికలు చేసే గ్రామ సంఘానికి ఆ భారము ఎందుకు? ఆడాసిటీ చాలును.

మాట మీదికి శబ్దము రాకూడదు

మేము మరల పని మొదలుపెట్టినప్పుడు ఈ క్రమము పాటించాము. ముందుగా మాటలన్నీ రికార్డు చేసి, అసలు ఫైళ్లను ముట్టకుండా రెండు చోట్ల దాచాము. మాట్లాడక ముందు 5 సెకన్లు ఎవరూ కదలకుండా ఉన్నాము. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ అనే సాధనానికి ఆ ఖాళీ భాగాన్ని చూపితే గది రొద ఏదో అది గుర్తించి మిగతా రికార్డులో తగ్గిస్తుంది. దీనిని ఎక్కువ చేస్తే గొంతు నీళ్లలో మునిగినట్లు వినబడుతుంది, జాగ్రత్త.

తరువాత శబ్దాలు పేర్చాము. ఆటో డక్ అనే సాధనము మాట వచ్చిన చోటనెల్లా కింది శబ్దాన్ని తనంతట తానే తగ్గిస్తుంది. ఎన్వలప్ అనే సాధనముతో మన చేతితోనే తగ్గించి పెంచవచ్చు. గీతలు పై అంచును తాకి చదునుగా అయితే ధ్వని పగిలిపోయినదని అర్థము.

మెల్లని స్వరము మాటేమిటి? దానిని పెద్దది చేస్తే మెల్లని స్వరమే కాదు. మా పిల్లలు చాలాసేపు తంటాలు పడి, చివరకు ఏమీ కలపకుండా చూద్దామన్నారు. అగ్ని శబ్దాన్ని క్రమముగా తగ్గించి పూర్తిగా ఆపి, 3 సెకన్లు నిశ్శబ్దము ఉంచాము. ఆ తరువాత, ఇతర శబ్దమేదీ లేకుండా, స్వరము. అప్పుడు ప్రతి అక్షరము వినబడింది.

శబ్దాలు ఎక్కడివి?

మన ఊరిలోనే ఉన్నవి. బిస్కెట్టు పొట్లం కాగితాన్ని మైకు దగ్గర నలిపితే మంట చిటపటలాడినట్లే ఉంటుంది. తిరగలి తిప్పిన శబ్దాన్ని వేగము తగ్గిస్తే బొంగురుపోయి భూకంపమవుతుంది. గాలి కోసం మా పిల్లలు తాటితోపుకు వెళ్లి, ఫోను మైకు మీద పలుచని గుడ్డ కప్పి రికార్డు చేసుకొచ్చారు.

ఊరిలో దొరకని వాటికి ఫ్రీసౌండ్ అనే భండారము ఉన్నది. బార్సిలోనాలోని పోంపియు ఫాబ్రా విశ్వవిద్యాలయము 2005లో దానిని ప్రారంభించింది. ప్రతి శబ్దము పక్కన షరతు వ్రాసి ఉంటుంది. కొన్నిటికి ఏ షరతూ లేదు, కొన్నిటికి చేసినవారి పేరు చెప్పాలి, కొన్నిటిని వ్యాపారానికి వాడరాదు. చదివి, దాని ప్రకారము చేయండి. సినిమా నుండి సంగీతము కోసుకొనడం న్యాయము కాదు.

ఇంకొక హెచ్చరిక. నాటికలో గాలి మనము కలిపినదని వినేవారికి తెలుసు, గనుక అది మోసము కాదు. అయితే ఒకరి నిజమైన సాక్ష్యానికి ఏడ్పులు, చప్పట్లు కలిపితే అది అబద్ధ సాక్ష్యమే.

చివరిగా

ప్రాజెక్టును సేవ్ చేసినంత మాత్రాన అది ఇతరుల ఫోనులో పాడదు, ఎక్స్‌పోర్ట్ చేయాలి. వేవ్ రూపములో స్టీరియో ధ్వని నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు, 128 స్థాయి ఎం.పి.3లో సుమారు 1 మెగాబైటు అవుతుంది. వేవ్ ప్రతిని దాచుకొని ఎం.పి.3 ప్రతిని పంచండి. పంచక ముందు చవక ఫోనులోను, మైకు సెట్టులోను విని చూడండి. హెడ్‌ఫోనులో గంభీరముగా ఉన్న భూకంపము హారనులో సరిగా పలుకకపోవచ్చును.

రెండవసారి వినిపించిన రోజున మామ్మగారి 6 నిమిషాల స్వరమే కథకు ఆరంభముగా ఉంచాము. ఆమె గొంతు వినగానే గుడి ముందు మాటలు ఆగిపోయాయి. చివర నిశ్శబ్దము వచ్చినప్పుడు పిల్లలు కూడా కదలలేదు. ముందు వరుసలోని ముసలమ్మ ఈసారి నన్ను ఏమీ అడుగలేదు. ఇంటికి వెళ్తూ ప్రక్కనున్న మనుమరాలికి, దేవుడు ఏలీయాను ఏమని అడిగాడో తానే చెప్పసాగింది.