పిచ్చికుక్క కాటు



“కుక్కకాటునకు చెప్పుదెబ్బ” యని మనలో నొక సామెత కలదు. చెప్పుదెబ్బ కుక్కకు శిక్ష కావచ్చును గాని, కాటునకు మందు కానేరదు. ఈ భేదము నాకు తెలియుటకు ఒక బాలుని ప్రాణము పోవలసివచ్చినది.

నేను ఎర్రగుంట్ల ప్రాంతమున ఉపాధ్యాయుడనైన తొలినాళ్లలో నా శిష్యు నొకనిని కుక్కపిల్ల వ్రేలిపై కొఱికెను. గాయము గోరంత. ఆ దినములలో సూదిమందు బొడ్డుచుట్టు వేయుచుండిరి. అందులకు జడిసి తండ్రి నన్ను సలహా యడిగెను. నేను మంత్రగానిని చూపితిని. గాయము మానెను. రెండు నెలలకు బాలుడు చెంబులోని నీటిని చూచి వణకెను, మూడవనాడు మరణించెను.

పిచ్చిజంతువు కఱచినవాడు నీటికి భయపడినచో బ్రదుకడని సుశ్రుతుడు కల్పస్థానమున ఏనాడో చెప్పెను. చదివియు నేను లక్ష్యపెట్టనైతిని.

ఈ రోగమునకు మూలము వైరస్ అను అతిసూక్ష్మజీవి. పిచ్చిజంతువు చొంగలో నుండి కాటుద్వారా మన దేహమున ప్రవేశించును. గోటిగీత వలనను, పుండును నాకుట వలనను ప్రవేశింపగలదు. అచ్చటినుండి నరముల వెంట మెల్లగా మెదడునకు ప్రాకును. దీనికి తఱచుగా రెండు మూడు నెలలు పట్టును. అంతవరకు ఏ చిహ్నమును గానరాదు. చిహ్నములు గనబడిన పిదప బ్రదికించు మందు నేటికిని లేదు. కావున ఆ నడిమి వ్యవధియే మనకు దిక్కు. 1885 జూలై 6న ఫ్రాన్సు దేశమున పాశ్చరు పండితుడు జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి ఆ వ్యవధిలోనే టీకా లారంభించి కాపాడెను. 1907లో నీలగిరులయందు కూనూరున ఆయన పేర వైద్యసంస్థ నెలకొన్నది.

పశువులకును ఇదే గతి. కుక్క కఱచిన యెద్దు కొన్నాళ్లకు చొంగ కార్చుచు, గొంతు మాఱి అఱచుచు, మేత మ్రింగలేకుండును. గొంతున ఏదో అడ్డుపడినదని రైతు నోట చేయి పెట్టును. అట్లు చేయరాదు, పెట్టినవాడు వైద్యుని చూడవలయును.

కఱచిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగుడు. సున్నము, కారము, పసరు పూయకుడు. ఆ దినముననే ఆసుపత్రికి పొండు. బొడ్డుచుట్టు సూదులు 2005 నాటికే పోయినవి. ఇప్పుడు చేతికే కొలది మార్లు వేయుదురు. నెత్తురు వచ్చిన గాయమున సీరము కూడ ఎక్కింతురు. కఱచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడుడు. కాని అందులకై టీకా నాపకుడు.

ఊరి కుక్కలలో నూటికి డెబ్బదింటికి ఏటేట టీకా వేయించిన చోట ఈ రోగము అణగును. ఆ పని పూనుకొనుట పెద్దలకు తగును. ఏ తండ్రియైనను మీ సలహా కోరి వచ్చినచో, నేను చెప్పినట్లు మాత్రము చెప్పకుడు.