తుపాకిలోని వాయుయంత్రము: అరుగుదల, దాని గుర్తులు

రైఫిలు పేలిన తరువాత ఖాళీ తూటాను వెలుపలికి లాగి, క్రొత్త తూటాను లోనికి త్రోయుట పూర్వము సైనికుని చేతి పని. లీ-ఎన్‌ఫీల్డు రైఫిలులో ప్రతి గుండు తరువాతను అతడు బోల్టు పిడిని ఎత్తి, వెనుకకు లాగి, ముందుకు త్రోసి, క్రిందికి వంచవలసియుండెను. 1962లో హిమాలయములలో యుద్ధము జరిగినపుడు భారత సైనికులలో పెక్కుమంది చేతులలో ఉన్నది ఆ రైఫిలే. అర్ధ స్వయంచాలక రైఫిలులో ఈ పనిని చేయి చేయదు; పేలిన మందునుండి పుట్టిన వాయువు చేయును. ట్రిగ్గరును లాగిన ప్రతిసారి ఒక్క గుండు వెడలును; తరువాతి తూటా తనంతట తానే సిద్ధమగును.

వినుటకు ఇది సులభముగా తోచును. కాని కర్మాగారమునుండి అప్పుడే వచ్చిన రైఫిలు కొన్ని గుండ్లు పేల్చి, నడుమ ఆగిపోవుట కలదు. శత్రువు ఎదుట ఉన్న సైనికునికి అట్టి రైఫిలు కఱ్ఱతో సమానము. లోపము ఎచ్చట నున్నదో కనుగొనవలెనన్నచో, మొదట ఆ రైఫిలును ఒక చిన్న ఉష్ణయంత్రముగా చూడవలెను. మోటారు ఇంజనులో వలెనే దీనిలోను సిలిండరు కలదు, పిస్టను కలదు, వాయువు వచ్చు ద్వారము కలదు. ఇంజనులో వచ్చు రోగములే దీనికిని వచ్చును.

ఈ విషయమునకు మంచి ఉదాహరణము అమెరికా సైన్యపు ఎం-1 రైఫిలు. దీనిని నిర్మించిన జాన్ గారండు 1888లో కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున జన్మించెను. 1919లో అతడు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధ కర్మాగారమున చేరెను. 1936 జనవరిలో అతని రైఫిలును అమెరికా సైన్యము స్వీకరించెను. 1957లో ఉత్పత్తి ముగియునాటికి సుమారు 54 లక్షల రైఫిళ్ళు తయారయ్యెను. అయినను మొదటి నాలుగు సంవత్సరములు దానికి గడ్డుకాలమే.

గారండు తొలి నమూనాలలో వాయువునకు పిస్టను లేదు. తూటా అడుగున మందును ముట్టించు చిన్న మూత కలదు; దానిని ప్రైమరు అందురు. పేలుడు పీడనమునకు ఆ మూత కొంచెము వెనుకకు జరుగును. ఆ చిన్న కదలికతోనే బోల్టు తాళమును విప్పవలెనని అతని ఊహ. 1920ల నడుమ సైన్యము తూటాలలోని మందును మార్చెను. క్రొత్త మందు నెమ్మదిగా, క్రమముగా మండునది. దానితో ఈ ఉపాయము పనికిరాకపోయెను. అతడు వాయువును త్రోవ మళ్ళించు పద్ధతికి రావలసివచ్చెను.

అయితే ఆ వాయువును ఎచ్చటనుండి తీసికొనవలెను? గొట్టమునకు రంధ్రము చేయుట మంచిది కాదని ఆనాడు పలువురు భావించిరి. రంధ్రపు అంచులను వేడి వాయువు కోసివేయునని వారి భయము. అందుచే గొట్టపు కొనకు ముందు ఒక బోలు తొడుగును బిగించి, దాని ముందుభాగమున రంధ్రముగల బిరడాను అమర్చిరి. గుండు గొట్టమును విడిచి ఆ బిరడా రంధ్రమునుండి వెడలును. దాని వెనుక వచ్చు వాయువు తొడుగులో చిక్కుకొని, వెనుకకు మరలి, పిస్టనును త్రోయును. సుమారు 50,000 రైఫిళ్ళు ఈ విధముగనే తయారయినవి.

లోపములు త్వరలోనే బయటపడెను. మండిన మందుయొక్క మసి ఆ తొడుగులో గట్టిగా పేరుకొనుచుండెను. అచ్చటికి కుంచె పోదు. గొట్టపు కొనకు మరబిగించిన భాగము వదులయినచో దానిపై నిలిచిన గుఱి కూడ కదలును. బిరడా కొంచెము ప్రక్కకు ఒరిగినచో గుండు దానిని రాచుకొని పోవును. 1940నుండి ఆ తొడుగును తీసివేసి, గొట్టమును ముందుకు పొడిగించి, దాని కొనకు సుమారు 4 సెంటీమీటర్లు వెనుకగా అడుగుభాగమున ఒక సన్నని రంధ్రము చేసిరి. అంతవరకు భయపడిన రంధ్రమే మందయ్యెను. జర్మనీ కూడ 1941లో గొట్టమునకు రంధ్రము లేకుండ కొనవద్ద వాయువును పట్టు రైఫిళ్ళను చేయించి, ఇదే మసితో బాధపడి, 1943లో రంధ్రపు పద్ధతికే వచ్చెను. ఒక దేశము నేర్చిన పాఠము ఇంకొక దేశమునకు అంత సులభముగా అందదు కాబోలు!

ఇప్పుడు కొలతలు చూడుడు. తూటా పేలినపుడు దాని గదిలో పీడనము సుమారు 3,400 వాతావరణ పీడనములకు చేరును. గుండు ముందుకు సాగినకొలది వాయువు వ్యాకోచించి పీడనము తగ్గును. గుండు రంధ్రమును దాటిన పిమ్మటనే వాయువు సిలిండరులోనికి ప్రవేశింపగలదు. గుండు వేగము సెకండునకు సుమారు 830 మీటర్లు. అనగా రంధ్రమునుండి గొట్టపు కొనవరకు గల 4 సెంటీమీటర్లను అది సెకండులో ఇరువదివేలవ వంతు కాలములో దాటును. అది కొనను విడిచిన వెంటనే పీడనము పడిపోవును. ఈ లిప్తపాటులో దొరికిన త్రోపుతోనే పొడవైన కడ్డీ వెనుకకు పరుగెత్తి, బోల్టును త్రిప్పి తాళము విడిపించి, ఖాళీ ఇత్తడి తొడుగును లాగి విసరవలెను. పిదప స్ప్రింగు ఆ కడ్డీని ముందుకు త్రోసి, క్రొత్త తూటాను గదిలోనికి చేర్చును.

మోటారు ఇంజను పిస్టనునకు చుట్టును ఉక్కు వలయములుండి వాయువును కారనీయవు. ఎం-1 పిస్టనునకు వలయములు లేవు. సిలిండరునకు, పిస్టనునకు నడుమ సందు మిక్కిలి తక్కువగా నుండుటయే దానికి రక్ష. క్రొత్త పిస్టను వ్యాసము 0.526 అంగుళము, అనగా 13.36 మిల్లీమీటర్లు. అది 0.525 అంగుళమునకు తగ్గినచో పిస్టనును మార్చవలసినదే. ఆ భేదము మిల్లీమీటరులో నలుబదియవ వంతు. తలవెండ్రుక మందములో సగమునకు కూడ తక్కువ. సిలిండరు లోపలి వ్యాసము 0.532 అంగుళమునకు పెరిగినచో దానిని తీసివేయుదురు.

ఇంత చిన్న భేదమునకు అంత పట్టింపు ఎందుకని విద్యార్థి అడుగవచ్చును. లెక్క వేసి చూడవచ్చును. గొట్టమునందలి రంధ్రపు వ్యాసము 2 మిల్లీమీటర్లు. దాని వైశాల్యము 3.14 చదరపు మిల్లీమీటర్లు. పిస్టను 0.525 అంగుళమునకు అరిగి, సిలిండరు 0.532 అంగుళమునకు పెరిగినదనుకొనుడు. ఆ రెండు వృత్తముల వైశాల్యముల భేదము సుమారు 3.75 చదరపు మిల్లీమీటర్లు. అనగా వాయువు వచ్చు ద్వారముకంటె అది కారిపోవు సందే పెద్దదైనది! కంటికి కనబడని అరుగుదల యంత్రమును నిలిపివేయుట ఇందువలననే. తరగతిలో వృత్త వైశాల్యమును బోధించు ఉపాధ్యాయునికి ఇంతకన్న మంచి లెక్క దొరకుట అరుదు.

అరుగుదలకు రాపిడి ఒక్కటే కారణము కాదు. ఆనాటి ప్రైమరులలో పొటాసియం క్లోరేటు ఉండెను. అది పేలినపుడు ఆక్సిజనును విడిచి పొటాసియం క్లోరైడుగా మారును. ఇది వంటయుప్పునకు దాయాది. ఉప్పువలెనే గాలిలోని తేమను పీల్చును. గొట్టము, సిలిండరు, పిస్టను వీనన్నిటిపై సన్నని పొరగా నిలిచి, ఒక రాత్రిలోనే త్రుప్పు పట్టించును. నూనె రాచినను ఆ ఉప్పు పోదు, ఏలయన ఉప్పు నూనెలో కరగదు. నీటితో కడిగి, ఆరబెట్టి, తరువాత నూనె పూయవలెను. తుపాకిని నీటితో కడుగుట వింతగా తోచినను రసాయనశాస్త్రము చెప్పునది అదియే. ఈ కారణముచేతనే సిలిండరును, పిస్టను కొనను త్రుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసిరి. తక్కిన భాగములకు వేయు నల్లని పూత ఆ ఉక్కుపై నిలువదు. అందుచే వాడిన రైఫిలు ముందుభాగము వెండివలె మెరయుచుండును.

వాయువు చాలనపుడు కడ్డీ పూర్తిగా వెనుకకు పోదు. దానికి గుర్తులు కలవు: ఖాళీ తొడుగు విసిరివేయబడక బోల్టు నడుమ చిక్కుకొనును, లేదా తొడుగు వెడలినను బోల్టు తరువాతి తూటా వెనుకకు చేరక, ఖాళీ గదిపైననే మూసికొనును, ఎనిమిదవ గుండు తరువాత బోల్టు తెరచియుండవలసినది ఉండదు. అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. వాయువు మిక్కుటమైనను తూటా అందకపోవచ్చును. బోల్టు అతివేగముగా వెళ్ళి వచ్చినచో, క్రింది స్ప్రింగు తరువాతి తూటాను పైకెత్తులోపలనే అది ముందుకు దాటిపోవును. లక్షణము ఒకటే, రోగములు రెండు. ఖాళీ తొడుగులు ఎంత దూరమున పడుచున్నవో, వాని అంచులు చిరిగినవో లేదో చూచినచో భేదము తెలియును. దూరముగా ఎగిరి, అంచు చిరిగిన తొడుగు వాయువు ఎక్కువైనదని చెప్పును. కాళ్ళవద్దనే రాలునది తక్కువైనదని చెప్పును.

క్రొత్త రైఫిలులో ఈ గుర్తులు కనబడినపుడు, అనుభవముగల పనివాడు మొదట స్ప్రింగును మార్చడు. వేరొక తయారీ తూటాలతో పేల్చి చూచును. పిదప సిలిండరు ముందు బిరడా గట్టిగా బిగిసినదా, గొట్టపు రంధ్రము సిలిండరు రంధ్రమునకు సరిగా ఎదురుగా నున్నదా అని చూచును. వాయువు సరిగానే వచ్చుచున్నచో, అది చేసిన పనిని రాపిడి తినివేయుచున్నదేమో పరీక్షించును. దీనికొక చక్కని పద్ధతి కలదు. తూటాలు లేని రైఫిలునుండి స్ప్రింగును తీసి, కడ్డీని మరల అమర్చి, రైఫిలును ఏటవాలుగా వంచుదురు. కడ్డీయు బోల్టును తమ బరువుతోనే జారవలెను. నడుమ ఆగినచో అచ్చట కఱ్ఱయో లోహమో రాచుకొనుచున్నది. చివరకు గేజితో పిస్టనును, సిలిండరును కొలుచును.

నేరము ఎల్లప్పుడును వాయువుది కాదని ఎం-1 చరిత్రయే చూపును. 1940 ప్రాంతమున క్రొత్త రైఫిళ్ళు ఏడవ గుండువద్ద ఆగిపోవుట మొదలయ్యెను. చేతితో చేసిన నమూనాలలో ఈ జబ్బు లేదు. వెదుకగా, కర్మాగారమున యంత్రముతో కోయుటకు వీలుగా నుండునని, తూటాలకు దారి చూపు ఒక చిన్న గట్టును లోపల కొంత కోసివేసినట్లు తేలెను. ఆ గట్టు వ్యర్థమని కోసినవారు భావించిరి. దానిని మరల నిలిపిన పిమ్మట ఏడవ గుండు సాఫీగా పోయెను.

వాయువు ఎక్కువైనపుడు దెబ్బ కడ్డీకి తగులును. నెమ్మదిగా మండు మందును, బరువైన గుండును వాడినచో గుండు రంధ్రమును దాటునపుడు పీడనము ఇంకను ఎక్కువగా నుండును. పొడవైన ఆ కడ్డీ అప్పుడు వంగును. కొన్ని కడ్డీలు పిడివద్దగల చదరపు మూలలో చీలెను కూడ. లోహమున పదునైన మూల ఉన్నచోట బలము కేంద్రీకరించును. పగులు అచ్చటనే పుట్టును. తరువాతి కాలమున ఆ మూలను గుండ్రముగా కోసిరి. లోహమును తగ్గించుటచే భాగము బలపడిన ఉదాహరణములలో ఇది ఒకటి.

తూటామందును మార్చుటవలన కలుగు కీడు వియత్నాం యుద్ధమున మరల కనబడెను. ఎం-16 రైఫిలులో పిస్టను కడ్డీ లేదు. సన్నని గొట్టముద్వారా వాయువు తిన్నగా బోల్టును మోయు భాగములోనికే పోవును. దానిని ఒక విధమైన మందుతో నిర్మించి పరీక్షించిరి. సైన్యమునకు పంపిన తూటాలలోనో ఎక్కువగా వేరొక విధమగు గుండ్రని రేణువుల మందు ఉండెను. దానితో యంత్రము వేగము హెచ్చెను, మసియు హెచ్చెను. తూటాగదికి క్రోమియం పూత లేదు. శుభ్రపరచు సామగ్రి కూడ చాలినంత అందలేదు. ఖాళీ తొడుగులు గదిలోనే బిగిసికొని, రైఫిళ్ళు పోరు నడుమ ఆగిపోయి, సైనికులు ప్రాణములు కోల్పోయిరి. 1967లో అమెరికా కాంగ్రెసు ఉపసంఘము విచారణ జరిపి, మందు మార్పును తీవ్రముగా విమర్శించెను. తరువాత మందును సవరించి, గదికి క్రోమియం పూసి, సామగ్రిని పంచిరి.

1960వ దశకమున పశ్చిమ బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము భారత సైన్యమునకు 7.62 మిల్లీమీటర్ల స్వయంభరణ రైఫిలును తయారుచేయసాగెను. అందలి వాయుయంత్రమునకు ఒక మేలు కలదు. సిలిండరుపై అంకెలుగల చిన్న వలయముండును. దానిని త్రిప్పినచో అనవసరమగు వాయువు బయటకు పోవు ద్వారము తెరచుకొనును లేదా మూసికొనును. సైనికుడు మొదట ద్వారమును బాగుగా తెరచి, రైఫిలు తడబడునట్లు చేసి, పిదప యంత్రము తప్పక నడచువరకు కొంచెము కొంచెముగా మూసి, భద్రత కొరకు మరికొంత మూయును. మసి పేరుకొన్నను, పిస్టను అరిగినను అదే వలయమును మరల త్రిప్పును. క్రొత్త రైఫిలునకు సరిపోయిన అంకె వేలకొలది గుండ్లు పేలిన పిమ్మట దానికే సరిపోదు.