వాపు: మేలు చేసేదెప్పుడు, కీడు చేసేదెప్పుడు?

మోకాళ్ళు వాచాయని, నడుము పట్టేసిందని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలను నెలల తరబడి మింగేవారు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు. ఆ బిళ్ళ ఒంట్లో దేన్ని ఆపుతుందో తెలిస్తే కొంత జాగ్రత్త పడగలం.

కాలికి మేకు గుచ్చుకుందనుకోండి. నిమిషాల్లోనే అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో సన్నని రక్తనాళాలు వెడల్పై ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. నాళాల గోడల సందుల్లోంచి నీరు ఊరుతుంది; అదే వాపు. బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి పుట్టిస్తాయి. ల్యూకోట్రైన్లు, కీమోకైన్లు తెల్ల రక్తకణాలను అక్కడికి రప్పిస్తాయి. అవి క్రిములను మింగేస్తాయి. పని ముగిశాక లిపాక్సిన్ల వంటి రసాయనాలు వాపును చల్లారుస్తాయి. ఇది తాత్కాలిక వాపు, అల్లాహ్ మన ఒంట్లో పెట్టిన కాపలా. యునానీ హకీములు వాపును ‘వరమ్’ అంటారు. తెలుగు అర్థంలోనూ ఇది వరమే.

కారణం తొలగకపోతే మాత్రం అదే కాపలా కీడవుతుంది. క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసినా, రోగనిరోధక శక్తి సొంత కీళ్ళ మీదికే తిరిగినా వాపు చల్లారదు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాలు కణాలను రెచ్చగొడుతూనే ఉంటాయి. రుమటాయిడ్ కీళ్ళవాతంలో ఎముకలు కోసుకుపోయి వేళ్ళు వంకరపోయేది ఇందువల్లే.

ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చారు. 1982లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ చేసేదీ ఆ పనే. అయితే కడుపు లోపలి పొరను కాపాడేదీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేదీ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే ఈ బిళ్ళలు ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. వృద్ధులకు, షుగర్, బీపీ ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. పైగా రుమటాయిడ్ వాతంలో ఈ బిళ్ళలతో నొప్పి తగ్గుతుందే గాని ఎముక అరుగుదల ఆగదు. దాన్ని అదుపు చేసే మందులు వేరే ఉన్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

రమజాన్‌లో మరింత జాగ్రత్త అవసరం. ఎండాకాలపు రోజాల్లో ఒంట్లో నీరు తగ్గుతుంది. అలాంటప్పుడు నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు ఎక్కువ హాని చేస్తాయి. మందులు వాడేవారు రమజాన్‌కు ముందే డాక్టరును సంప్రదించాలి. రోగికి రోజా విషయంలో సడలింపు ఉందన్న సంగతి పెద్దలకు గుర్తుచేయాలి.

కీళ్ళ వాపు కొన్ని వారాలైనా తగ్గకపోయినా, పొద్దున లేవగానే అరగంటకు మించి కీళ్ళు బిగుసుకుపోతున్నా పరీక్షలు చేయించుకోండి. పేరు, వివరాలు లేని పొట్లాల మందులు ముట్టుకోకండి. వాటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్మేవారున్నారు. శరీరం మనకు అప్పగించిన అమానత్. స్తోమత లేని పొరుగువారికి తోడుగా ఆసుపత్రి దాకా వెళ్ళడమూ సదఖాయే.